కొలంబా ఒక పుస్తకం కాపీ చేసినందుకే యుద్ధం జరిగిందా? ఆయన జీవితంలో ఏది ఎంతవరకు నమ్మాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: జూన్ 9న డబ్లిన్‌లో మీ తెలుగు సహవాసం కూడుకున్నప్పుడు ఆరో శతాబ్దపు ఐరిష్ సన్యాసి పునీత కొలంబా గురించి పిల్లలకూ పెద్దలకూ కలిపి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. వెతికితే మీకు మూడు కథలు దొరికాయి. ఒకటి, ఆయన ఒకరి పుస్తకాన్ని దొంగచాటుగా కాపీ చేశాడు, దాని మీద యుద్ధం వచ్చి మూడు వేల మంది చనిపోయారు, ఆ పాపానికి ఇక ఐర్లాండ్ ముఖం చూడనని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు, స్కాట్లాండ్‌లోని లోక్ నెస్ సరస్సు రాక్షసిని మొదట చూసింది ఆయనే. మూడు, మీ ఊళ్లో ఉన్న కెల్స్ గ్రంథం, అంటే బొమ్మలతో అలంకరించిన సువార్తల పాత ప్రతి, ఆయన చేతిరాత. వీటిలో ఏది నిజం, పిల్లల ముందు ఏది చెప్పవచ్చు అని అడిగారు.

సూటిగా చెబుతాను. యుద్ధం జరిగింది, ఆయన దేశం విడిచి వెళ్లిందీ నిజమే, కానీ కాపీ కథ ఆయన పోయాక చాలా శతాబ్దాలకు వచ్చిన మాట. ఇక ఐర్లాండ్‌లో అడుగు పెట్టలేదన్నది తప్పు, చాలాసార్లు వచ్చాడు. నెస్ జంతువు కథ పాతదే, అయితే అందులో సరస్సు లేదు, నది ఉంది. కెల్స్ గ్రంథం ఆయన పోయిన రెండు వందల ఏళ్లకు, అంటే 800 ప్రాంతంలో తయారైంది. ఇవన్నీ పక్కన పెట్టినా మీ ఇరవై నిమిషాలకు చాలినంత ఉంది, వీటికంటే మంచిదే ఉంది.

నేను కోస్తాలో ఒక వేదాంత కళాశాలలో ఇరవై రెండేళ్లుగా సంఘ చరిత్ర చెబుతున్నాను. మొదట్లో ఒక ఆదివారం ఆరాధనలో ఈ కాపీ కథే గట్టిగా చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక రిటైర్డ్ టీచరుగారు దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఈ మాట మొదట రాసింది ఎవరు, ఎప్పుడు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి వెతకడం మొదలుపెట్టాను, ఇంతవరకూ ఆపలేదు. ఆ రోజు నుంచి ఏ పునీతుడి కథ చదివినా ఆయన ప్రశ్నతోనే మొదలుపెడతాను, విద్యార్థులకూ అదే నేర్పుతాను. మీకూ అదే పద్ధతిలో చెబుతాను.

కొలంబా గురించి మనకు దొరికే ముఖ్యమైన పాత పుస్తకం అడమ్నాన్ లాటిన్‌లో రాసిన జీవితం. అడమ్నాన్, స్కాట్లాండ్ పడమటి తీరంలోని అయోనా ద్వీపంలో కొలంబా పెట్టిన మఠానికి తొమ్మిదో మఠాధిపతి, కొలంబా వంశంవాడే, 704లో చనిపోయాడు. కొలంబా చనిపోయింది 597లో. అంటే మధ్యలో నూరేళ్లు. ఇది చాలా దూరమే, కానీ ఈ పుస్తకానికి ఉన్న ఒక ప్రత్యేకత మీరు గమనించాలి: అందులోని చాలా కథలకు ఎవరు చెబితే విన్నాడో అడమ్నాన్ పేర్లతో సహా చెబుతాడు. ఒక ఉదాహరణ. కొలంబా ఒకసారి క్లాన్‌మక్‌నాయిస్ మఠానికి వస్తే జనం ఎగబడ్డారు. మాసిన బట్టలతో ఉన్న ఒక పనిపిల్లాడు వెనకనుంచి వచ్చి ఆయన అంగీ అంచు ముట్టుకోబోయాడు. కొలంబా చెయ్యి వెనక్కి చాపి వాడి మెడ పట్టుకుని ముందుకు తెచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు "వాడినెందుకండీ, పంపించేయండి" అన్నారు. ఆయన ఉండనివ్వమని, పిల్లాడితో నాలుక చాపమని, దాన్ని దీవించాడు. ఆ పిల్లాడి పేరు ఎర్నేనె. వాడు పెద్దవాడై పేరున్న బోధకుడయ్యాక తనే స్వయంగా ఈ సంగతి అయోనా మఠాధిపతి షేగేనెకి చెబుతుంటే పక్కనే ఉండి విన్న ఫాల్వె అనే ఆయన తరువాత అడమ్నాన్‌కి చెప్పాడు. పిల్లాడి నోటి నుంచి పుస్తకం దాకా మధ్యలో ఒక్క మనిషే. నూరేళ్ల నాటి మాటకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకడం కష్టం.

ఇంకో సంగతి. ఆ పుస్తకానికి ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌసన్ పట్టణంలో ఉన్న ప్రతిని దొర్బేనె అనే అయోనా సన్యాసి రాశాడు. ఆయన 713లో చనిపోయాడు. అంటే రచయిత పోయిన తొమ్మిదేళ్ల లోపు, అదే మఠంలో రాసిన ప్రతి మనకు మిగిలింది. ఆ కాలపు పుస్తకాల్లో ఇది చాలా అరుదు.

అయితే ఇది మనం అనుకునే జీవితచరిత్ర కాదు. పుట్టుక, చదువు, పెద్దరికం, చావు అని వరుసగా సాగదు. మొదటి భాగం ఆయన ముందుచూపు మాటలు, రెండోది అద్భుతాలు, మూడోది దేవదూతల దర్శనాలు. ఈయన దేవుని మనిషి అని చదివేవాళ్లను ఒప్పించడానికి రాసిన పుస్తకం అది. కాబట్టి అద్భుతాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ విశ్వాసానికి వదిలేసి, ఆ కథలో మధ్యమధ్య పడిపోయిన మామూలు సంగతులను ఏరుకోండి. పాల కుండలు మోసే గుర్రం, సిరాబుడ్డి ఒలికిపోవడం, బార్లీ కోత, ఒడ్డు మీద తిరగేసిన పడవ. వాటిని కల్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు. నాకు ఆ పుస్తకం మీద ప్రేమ కలిగింది అద్భుతాల వల్ల కాదు, వీటివల్లే.

ఇప్పుడు యుద్ధం సంగతి. కొలంబా 521 ప్రాంతంలో నేటి డానెగల్ ప్రాంతంలో, రాజ్యం చేయగల కుటుంబంలో పుట్టాడు. ఉత్తర ఐర్లాండ్‌ను ఏలుతున్న ఉయ్ నీల్ వంశంలో కెనేల్ కొనల్ శాఖ వాళ్లది. తండ్రి ఫెడెల్మిద్, తల్లి ఎథ్నె. సన్యాసి కాకపోయి ఉంటే రాజ్యానికి పోటీ పడదగిన మనిషి. ఇది గుర్తు పెట్టుకోకపోతే ఆయన జీవితంలో ఏదీ అర్థం కాదు. 561లో స్లైగో దగ్గర కూల్ డ్రెవ్నె అనే చోట ఆయన బంధువులు, రాజు డియర్మట్ మాక్ కెర్‌వాల్‌తో యుద్ధం చేసి గెలిచారు. గెలుపు కొలంబా ప్రార్థన వల్లే వచ్చిందని ఐర్లాండ్ వార్షిక వృత్తాంతాలు రాసుకున్నాయి. అడమ్నాన్ ఈ యుద్ధాన్ని తేదీ గుర్తు కోసం వాడుకుంటాడు: యుద్ధం అయిన రెండో ఏట, నలభై రెండేళ్ల వయసులో, క్రీస్తు కోసం పరదేశిగా బతకాలని కోరి ఐర్లాండ్ నుంచి బ్రిటన్‌కు ఓడ ఎక్కాడు. ఇంతే మాట. పుస్తకం లేదు, కాపీ లేదు, ప్రాయశ్చిత్తం లేదు.

అలాగని అడమ్నాన్ అంతా కప్పిపుచ్చాడని కూడా అనలేం. ఒక సంఘ పెద్దల సభ కొలంబాను వెలివేసిందని ఆయనే రాస్తాడు. అవి చిన్నపాటి, క్షమించదగిన కారణాలనీ, ఆ తీర్పు సరైనది కాదని తరువాత తేలిందనీ అంటాడు. కొలంబా సభలోకి రాగానే బిర్ర్ మఠానికి చెందిన బ్రెండన్ లేచి ఎదురెళ్లి, తల వంచి ముద్దు పెట్టుకున్నాడు. వెలివేసినవాడికి గౌరవమేమిటని మిగతావాళ్లు కోప్పడితే, ఆయన ముందు వెలుగు స్తంభం నడవడం చూశానని చెప్పాడు. ఆ కారణాలేమిటో అడమ్నాన్ చెప్పలేదు. యుద్ధానికీ వెలివేతకూ ప్రయాణానికీ సంబంధం ఉందనే నా అభిప్రాయం, మూడూ అంత దగ్గరదగ్గరగా జరిగాయి. కానీ అది నా అభిప్రాయం, మీరు చెప్పేటప్పుడు కూడా అలాగే చెప్పండి.

మరి కాపీ కథ ఎక్కడిది? దాన్ని నిండుగా చెప్పింది 1532లో మానస్ ఓ డానెల్ తయారుచేయించిన పెద్ద ఐరిష్ గ్రంథం. అంటే కొలంబా పోయిన 900 ఏళ్లకు పైగా అయ్యాక. ఫిన్నియన్ అనే మఠాధిపతి దగ్గరున్న కీర్తనల పుస్తకాన్ని కొలంబా రాత్రిళ్లు ఎత్తి రాసుకున్నాడు, ఆ ప్రతి కూడా నాదే అని ఫిన్నియన్ అన్నాడు, రాజు దగ్గర పంచాయితీ పెట్టారు. ఆవు ఎవరిదో దూడా వాళ్లదే, పుస్తకం ఎవరిదో నకలూ వాళ్లదే అని రాజు తీర్పు చెప్పాడు. తీర్పు ఎంత అందంగా ఉందో చూడండి! లోకంలో మొదటి కాపీరైట్ కేసు అని ఇంటర్నెట్ నిండా తిరగడానికి ఆ అందమే కారణం. అదే గ్రంథంలో ఇంకో కారణం కూడా ఉంది: కొలంబా శరణు ఇచ్చిన ఒక రాకుమారుణ్ణి రాజు మనుషులు ఆయన చేతుల్లోంచి లాక్కెళ్లి చంపారు. నిజంగా ఒక వంశం కత్తి పట్టడానికి నాకైతే ఈ రెండోదే ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది, ఆ సమాజంలో శరణు మాట తప్పించడం పెద్ద అవమానం.

ఓ డానెల్ కుటుంబం కొలంబా వంశానిది. వాళ్ల దగ్గర తరతరాలుగా కాపాడుకుంటున్న ఒక కీర్తనల ప్రతి ఉండేది, పేరు కాథాక్, అంటే యుద్ధం చేసేది అని అర్థం. యుద్ధానికి ముందు దాన్ని సైన్యం చుట్టూ తిప్పేవారు. ఆ పుస్తకం ఇంకా ఉంది, మీ డబ్లిన్‌లోనే, రాయల్ ఐరిష్ అకాడమీలో. దూడ చర్మం మీద రాసిన 58 ఆకులు మిగిలాయి. లిపిని బట్టి 6వ శతాబ్దం చివర, లేదా 7వ శతాబ్దం మొదట రాసి ఉంటారని ఎక్కువమంది అంచనా. దాన్ని పెట్టిన లోహపు పెట్టె నేషనల్ మ్యూజియంలో ఉంది. అప్పుడప్పుడే బయట పెడతారు కాబట్టి ముందు కనుక్కుని వెళ్లండి. కొలంబా చేతిదే అని మాత్రం చెప్పకండి. ఆయన కాలానికి అంత దగ్గరది అన్నా చాలు, వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

ఐర్లాండ్ మళ్లీ చూడలేదన్న మాట ఎలా నిలవదో పైన ఎర్నేనె కథే చెబుతోంది, క్లాన్‌మక్‌నాయిస్ ఐర్లాండ్ నడిబొడ్డున ఉంది. ఐర్లాండ్‌లోనే డ్రుయిమ్ కెట్‌లో జరిగిన రాజుల సభకు కూడా ఆయన వచ్చాడు. అక్కడే డరో మఠం కట్టించాడు. అయోనాలో ఐర్లాండ్‌కు వీపు తిప్పిన గుట్ట అనే పేరుతో ఒక చోటు చూపిస్తారు, నేను వెళ్లినప్పుడు ఎక్కాను. పేరు గుండెను పట్టేస్తుంది, కానీ అది పేరు చుట్టూ అల్లుకున్న కథ.

అయోనా ఎంత చిన్నదో చూస్తేగాని తెలియదు. ఓబన్ నుంచి ఓడలో మల్ ద్వీపానికి, అక్కడ బస్సులో ఆ చివరికి, మళ్లీ చిన్న పడవ. పొడవు ఐదు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్లు. 563లో పన్నెండు మందితో బయలుదేరి ఇక్కడ మఠం పెట్టి 34 ఏళ్లు గడిపాడు. ద్వీపాన్ని ఎవరిచ్చారన్న దానిలోనే రెండు మాటలున్నాయి: ఐరిష్ వృత్తాంతాలు స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐరిష్ రాజ్యం దాల్ రియాటాకు రాజైన కొనల్ ఇచ్చాడంటాయి, 731లో ఇంగ్లండ్‌లో చరిత్ర ముగించిన బీడ్ అనే సన్యాసి, ఉత్తర స్కాట్లాండ్‌లో ఉండే పిక్ట్ జాతివాళ్లు ఇచ్చారంటాడు. నేను కొనల్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఆయన కొలంబా మాట్లాడే భాష మాట్లాడే రాజు, ఆ తీరం వాళ్ల ఏలుబడిలోది. ఏమైనా, అక్కడి నుంచే తరువాత 635 ప్రాంతంలో ఐడన్ వెళ్లి లిండిస్‌ఫార్న్ మఠం పెట్టాడు, ఉత్తర ఇంగ్లండ్‌కు సువార్త చాలావరకు ఆ దారిలోనే వెళ్లింది.

నెస్ జంతువు గురించి నాలుగు మాటలు చాలు. కొలంబా నెస్ నది దాటబోతుంటే ఒడ్డున ఒక మనిషిని పూడుస్తున్నారు, ఈదుతుంటే నీటి జంతువు కరిచి చంపిందట. కొలంబా తన శిష్యుడు లుగ్నెను అవతలి పడవ తెమ్మన్నాడు. అతను చొక్కా తప్ప మిగతా బట్టలు విప్పి దూకాడు, జంతువు లేచింది, కొలంబా సిలువ గుర్తు వేసి వెనక్కి పొమ్మంటే తాళ్లతో లాగినట్టు పోయింది. సరస్సు రాక్షసి హడావిడి అంతా 1933 నుంచి మొదలైంది. పిల్లలకు చెప్పండి, తప్పులేదు. వాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఒక మనిషి చచ్చిన నీళ్లలోకి లుగ్నె ఎందుకు దూకాడు? నేను చెప్పిన ప్రతిసారీ పిల్లలు రాక్షసిని మరిచిపోయి లుగ్నె గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

పెద్దలకైతే ఈ మూడూ చెప్పండి.

ఎర్క్ అనే దొంగ. మఠం వాళ్ల సీల్ జంతువులు పిల్లలు పెట్టే చిన్న దీవి ఒకటి ఉండేది. వాటిని రాత్రిపూట ఎత్తుకుపోదామని వచ్చి ఇసుక దిబ్బల్లో తిరగేసిన పడవ కింద దాక్కున్నాడు. పట్టుకొచ్చారు. కొలంబా, దొంగతనం ఎందుకు, అవసరమైతే వచ్చి అడిగితే ఇస్తాం కదా అని, వట్టి చేతులతో పంపకుండా గొర్రెలు కోయించి ఇచ్చాడు. కొన్నాళ్లకు వాడు చనిపోబోతున్నాడని తెలిసి మాంసమూ ధాన్యమూ పంపాడు. అవి చేరేసరికి వాడు పోయాడు, వాటితోనే వాడి కర్మకాండ భోజనం జరిగింది.

బానిస పిల్ల. పిక్ట్ రాజు బ్రిడెయి పెంపుడు తండ్రి బ్రోహన్ ఒక పెద్ద మాంత్రికుడు, ఆయన దగ్గర ఐర్లాండ్ నుంచి తెచ్చిన బానిస పిల్ల ఉంది. కొలంబా దయతలచి వదిలిపెట్టమని అడిగాడు. ఒప్పుకోలేదు. వదలకపోతే నేను ఈ దేశం దాటేలోపు నువ్వు పోతావని చెప్పి వెళ్లిపోయాడు. బ్రోహన్‌కు ప్రాణం మీదికి వచ్చి కబురు పెడితే, కొలంబా నెస్ నదిలో ఏరిన తెల్లరాయి ఇచ్చి, ముందు పిల్లను వదలాలి, తరువాతే ఈ రాయి వేసిన నీళ్లు తాగాలి అన్నాడు. రాయి నీళ్లలో తేలిందని కథ. రాయి సంగతి మీ ఇష్టం. కొలంబా అక్కడ దేని కోసం పట్టుబట్టాడో మాత్రం నొక్కి చెప్పండి.

వచ్చి పడిన కొంగ. ఒక సన్యాసిని పిలిచి, మూడో రోజు పడమటి ఒడ్డున కూర్చో, ఐర్లాండ్ వైపు నుంచి గాలికి కొట్టుకుని ఒక కొంగ అలసి నీ కాళ్ల దగ్గర పడుతుంది, మూడు రోజులు మేపు, అది మన ఊరినుంచి వచ్చింది అన్నాడట. వాళ్ల ఊరి పక్షి అని! పరదేశంలో ఉన్న మీ అందరికీ నేను వివరించక్కర్లేదు.

పిల్లల ముందు చెప్పకూడనిది ఒకటుంది. కొలంబా ఇంకా చిన్నవాడుగా లెన్‌స్టర్‌లో చదువుకుంటున్నప్పుడు ఒక క్రూరుడు తరుముతుంటే ఒక ఆడపిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన గురువు గెమ్మాన్ అంగీ కింద దాక్కుంది. ఇద్దరూ తమ బట్టలతో ఆమెను కప్పారు. వాడు ఆ బట్టల్లోంచే ఈటెతో పొడిచి చంపాడు. కొలంబా శపిస్తే వాడు అక్కడే కూలిపోయాడు. మా విద్యార్థులు ఇది చదివి ఇబ్బంది పడతారు, పునీతుడు శపించడమేమిటని. నేను వాళ్లకు ఒక తేదీ చూపిస్తాను: 697లో బిర్ర్‌లో అడమ్నాన్ రాజులతోనూ మఠాధిపతులతోనూ ఒప్పించి ఒక చట్టం తెచ్చాడు, యుద్ధాల్లో స్త్రీలనూ పిల్లలనూ సన్యాసులనూ చంపకూడదని. ఈ జీవితం రాసింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆ ఆడపిల్ల కథ రాసేటప్పుడు ఆయన మనసులో ఏముందో నాకు స్పష్టంగా కనబడుతుంది.

చివరి రోజు మాత్రం తొందరపడకుండా చెప్పండి, కనీసం ఏడెనిమిది నిమిషాలు దానికే ఉంచండి. 597 జూన్ 8, శనివారం. సేవకుడు డియర్మట్‌ను తీసుకుని గాదె దగ్గరికి వెళ్లి రెండు ధాన్యపు రాశులు చూసి, నేను పోయినా ఈ ఏడాది నా పిల్లలకు రొట్టెకు లోటులేదని సంతోషించాడు. తిరిగి వస్తూ దారిలో అలిసి కూర్చుంటే, పాల కుండలు మోసే తెల్లగుర్రం వచ్చి ఆయన ఒడిలో తలపెట్టి కన్నీళ్లు కార్చింది. డియర్మట్ తోలబోతే, వద్దు, ఏడవనీ అన్నాడు. చిన్న గుట్ట ఎక్కి మఠాన్ని దీవించి, గుడిసెకు వచ్చి, రోజూ చేసే పనికే కూర్చున్నాడు: కీర్తనల గ్రంథం ప్రతి రాయడం. కాపీ కథ ఎంత అబద్ధమైనా ఆయన జీవితమంతా ప్రతులు రాసిన మనిషే. ఒకసారి ఆయన శిష్యుడు, ఆయన తరువాత మఠాధిపతి అయిన బైథేనె, తన రాత సరిచూడటానికి మనిషిని ఇమ్మంటే, కొలంబా దానిలో ఒక్క అక్షరమే తప్పిపోయింది, మిగతా అంతా సరే అన్నాడట.

34వ కీర్తనలో, మన బైబిల్లో 10వ వచనం, "యెహోవాను ఆశ్రయించువారికి ఏ మేలు కొదువయై యుండదు" దగ్గర పేజీ అయిపోయింది. ఇక్కడ ఆపాలి, తరువాతిది బైథేనె రాస్తాడు అని కలం పెట్టేశాడు. రాత్రి వట్టి బండ మీద పడుకున్నాడు, తలగడ ఒక రాయి. అర్ధరాత్రి గంట కొట్టగానే అందరికంటే ముందు గుడిలోకి పరుగెత్తాడు. డియర్మట్ చీకట్లో తడుముకుంటూ "ఎక్కడున్నావు తండ్రీ" అని వెతికి, బలిపీఠం ముందు పడి ఉన్న ఆయన్ని ఒడిలోకి తీసుకున్నాడు. దీపాలు వచ్చాయి. దీవించడానికి డియర్మట్ ఆయన కుడిచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు.

మీ సహవాసంలో 10వ వచనం మీరు చదివి బైబిల్ మూసేయండి. "పిల్లలారా, మీరు వచ్చి నా మాట వినుడి" అనే 11వ వచనం మాత్రం ముందే అనుకుని మీ సండే స్కూల్ టీచర్‌ చేత, ఆమె కూర్చున్న చోటినుంచే, చదివించండి.